బంతి ఒక్కసారే కనిపిస్తుంది

(జిల్లా స్థాయి క్రికెట్ అంపైర్ల శిక్షణ తరగతుల మొదటి రోజు ఉదయం ఒక సీనియర్ అంపైర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఏడున్నరకల్లా ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే చాలా సంతోషంగా ఉంది. నేను ఇరవై ఆరేళ్లు అంపైరింగ్ చేశాను. జిల్లా లీగులు, అంతర్ జిల్లా మ్యాచ్‌లు, కాలేజీ టోర్నమెంట్లు. టీవీలో కనిపించే స్థాయి దాకా వెళ్లలేదు. అయినా అక్కడ నిలబడేవాళ్లు చేసే పనీ మనం చేసే పనీ ఒకటే.

నిబంధనల పాఠాలు మధ్యాహ్నం మొదలవుతాయి. క్రికెట్ చట్టాలు మొత్తం 42. చదువుతారు, పరీక్ష రాస్తారు, పాసవుతారు. ఆ 42లో ఎక్కడా రాయని సంగతి ఒకటుంది. వేలమంది చూపు మన మీద పడినప్పుడు మన చూపు ఏమవుతుంది? ఇది నాకెవరూ చెప్పలేదు. తప్పులు చేసి, ఇంటికెళ్లి నిద్ర పట్టక తెలుసుకున్నాను. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు ఒక్క బంతి తీసుకుందాం. పిచ్ పొడవు 22 గజాలు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసే బౌలర్ చేతిలోంచి బంతి బ్యాటర్‌ని చేరడానికి పట్టేది సుమారు అర సెకను. బంతి చెయ్యి వదిలే ముందు మీ కళ్లు ఎక్కడుండాలి? నేల మీద. బౌలర్ ముందు పాదం కాస్తయినా క్రీజు గీత వెనక ఉందా, మొత్తం దాటేసి నోబాల్ అయిందా చూడాలి. చూసిన మరుక్షణం కళ్లు పైకెత్తి బంతిని పట్టుకోవాలి. బంతి అప్పటికే సగం దూరం వెళ్లిపోయి ఉంటుంది. అది ఎక్కడ పడింది, లెగ్ స్టంప్‌కి బయటా? ప్యాడ్‌కి ఎక్కడ తగిలింది? ముందు బ్యాట్‌కి తగిలిందా, ప్యాడ్‌కి తగిలిందా? ఎంత ఎత్తులో ఉంది? ప్యాడ్ అడ్డం లేకపోతే వికెట్లకి తగిలేదా? ఇవన్నీ ఆలోచిస్తుండగానే బౌలర్ పరిగెత్తిన ఊపులో మీకు అడ్డంగా వచ్చి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాపి మీ మొహంలోకి అరుస్తుంటాడు. వెనక కీపరు, స్లిప్పుల్లో ముగ్గురు గొంతు కలుపుతారు.

టెస్టు మ్యాచ్‌లో రోజుకి 90 ఓవర్లు, అంటే 540 బంతులు. బౌలర్ వైపు నిలబడి చూసేది అందులో సగం, 270. మిగతా సగం బ్యాటర్‌కి పక్కగా, స్క్వేర్ లెగ్‌లో నిలబడి రనౌట్లు, స్టంపింగులు చూడాలి. ఎండలో ఆరు గంటలు నిలబడి 270 సార్లు చూపు బంతి మీద నిలపాలి. ఒక్కసారి ఆలస్యమైతే, ఆ ఒక్కటే సాయంత్రం వార్త అవుతుంది.

ఇంట్లో కూర్చున్నవాళ్లకి అదే బంతి ఎలా కనిపిస్తుందో మీకు తెలుసు. ముందు నుంచి, పక్క నుంచి, పైనుంచి, నిదానంగా, ఆపి ఆపి, గీతలు గీసి మరీ చూపిస్తారు. నాలుగోసారి చూశాక మా ఇంట్లో పిల్లాడు కూడా 'ఇంత క్లియర్‌గా ఉంటే ఎలా ఇవ్వలేదు తాతయ్యా' అంటాడు. వాడి తప్పు కాదు. వాడు నాలుగుసార్లు చూశాడు. అంపైర్‌కి బంతి ఒక్కసారే కనిపిస్తుంది.

అంపైర్‌ని అనుమానించడం టీవీతో మొదలవలేదు. మన ఊళ్లలో ఎలా ఆడేవాళ్లమో గుర్తు తెచ్చుకోండి. బ్యాటింగ్ చేసే టీమ్ వాడే అంపైర్‌గా నిలబడేవాడు. అందుకే ఎల్బీడబ్ల్యూ, అంటే వికెట్లకి తగలబోయే బంతికి కాలు అడ్డం వస్తే ఇచ్చే అవుట్, లేదని ఆటకి ముందే ఒప్పందం. ఎవడి మనిషిని వాడు అవుటివ్వడని అందరికీ తెలుసు కాబట్టి ఆ నియమాన్నే తీసి పక్కన పెట్టేవాళ్లం. అంతర్జాతీయ క్రికెట్‌లో కూడా ఇదే గొడవ దశాబ్దాల పాటు సాగింది. ఏ దేశంలో మ్యాచ్ జరిగితే ఆ దేశం అంపైర్లే నిలబడేవాళ్లు, ఓడిన జట్టు అంపైర్లని తిట్టుకుంటూ విమానం ఎక్కేది. 1987లో ఫైసలాబాద్ టెస్టులో ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ గాటింగ్, అంపైర్ షకూర్ రాణా వేళ్లు చూపించుకుని కేకలేసుకున్నారు. ఆ గొడవకి ఒక రోజు ఆట మొత్తం పోయింది. చివరికి గాటింగ్ కాగితం మీద క్షమాపణ రాసిస్తే గాని ఆట ముందుకు కదల్లేదు.

దానికి ఏడాది ముందు, 1986లో, లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకి ఇద్దరు భారతీయ అంపైర్లు నిలబడ్డారు. పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి తటస్థ దేశం అంపైర్లని రప్పించాడు. ఆ ఇద్దరిలో ఒకరు ముంబయి నుంచి పీలూ రిపోర్టర్, ఇంకొకరు మన హైదరాబాద్ అంపైర్ వి.కె. రామస్వామి. నేను ఈ మాట ప్రతి క్లాసులోనూ చెబుతాను. భారతీయుడు పాకిస్తాన్ గడ్డ మీద, పాకిస్తాన్ ఆడే మ్యాచ్‌లో వేలెత్తాలి. ఒక్క నిర్ణయం అటూ ఇటూ అయితే దాన్ని అంపైర్ తప్పు అనరు, దేశం చేసిన తప్పు అంటారు. ఆ పని వాళ్లిద్దరూ చేసి వచ్చారు. ఇవాళ తటస్థ అంపైర్ అంటే మనకి మామూలు విషయం అయిపోయింది. దానికి దారి వేసినవాళ్లలో మన హైదరాబాద్ మనిషి ఉన్నాడని మనవాళ్లకే తెలియదు. ఆ సంగతి నాకు బాధగా ఉంటుంది.

తర్వాత 1992 నవంబరులో డర్బన్‌లో మొదటిసారి టీవీ చూసి నిర్ణయం చెప్పారు. దక్షిణాఫ్రికా ఫీల్డర్ జాంటీ రోడ్స్ త్రో, సచిన్ రనౌట్. అప్పట్లో మేమంతా ఇక అంపైర్ల బాధలు తీరాయనుకున్నాం.

2008 జనవరి, సిడ్నీ టెస్టు. మీలో చాలామంది అప్పుడు చిన్నపిల్లలై ఉంటారు. ఇషాంత్ శర్మ బౌలింగ్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ ఆండ్రూ సైమండ్స్ బ్యాట్‌కి తగిలి బంతి కీపర్ చేతుల్లో పడింది. సైమండ్స్ స్కోరు అప్పటికి 30. అంపైర్ స్టీవ్ బక్నర్ నాటౌట్ అన్నారు. సైమండ్స్ 162 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. ఆ టెస్టులో మనకి వ్యతిరేకంగా ఇంకా కొన్ని నిర్ణయాలు పోయాయి, మ్యాచ్ కూడా పోయింది. దేశమంతా అట్టుడికింది. మన బోర్డు ఫిర్యాదు చేసింది. పెర్త్‌లో జరిగిన తర్వాతి టెస్టుకి బక్నర్‌ని తప్పించి బిల్లీ బౌడెన్‌ని పెట్టారు.

ఆ రోజు నేను టీ కొట్టు దగ్గర నిలబడి పది మందితో పాటు బక్నర్‌ని తిట్టాను. అప్పటికి నేను అంపైర్‌నై పదకొండేళ్లు. ఆయనెవరు? వరసగా ఐదు ప్రపంచకప్ ఫైనల్స్‌కి నిలబడిన మనిషి, వంద టెస్టులు దాటిన మొట్టమొదటి అంపైర్. ఆ లెక్కలన్నీ నాకు తెలుసు. అయినా నోటికొచ్చినట్టు అన్నాను. రాత్రి ఇంటికొచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది, వారం క్రితమే నేను ఇలాంటిదే ఒక ఎడ్జ్, బ్యాట్ అంచుకి బంతి తగిలిన చప్పుడు, వినలేదు. నా మ్యాచ్‌లో కెమెరా లేదు, అంతే తేడా. ఆ తర్వాత నేను ఏ అంపైర్‌నీ నలుగురిలో నిలబడి అనలేదు. మీరు కూడా అనొద్దని అడుగుతున్నాను. మనవాళ్లని మనమే అంటే ఇంక ఎవరు ఆగుతారు?

అదే ఏడాది జులైలో శ్రీలంకలో మన టెస్టు సిరీస్‌లోనే ఆటగాళ్లు అడిగితే అంపైర్ నిర్ణయాన్ని టీవీలో సరిచూసే సమీక్ష పద్ధతి, డీఆర్‌ఎస్, మొదటిసారి పరీక్షించి చూశారు. ఆ తర్వాత మన బోర్డు చాలా ఏళ్లు దాన్ని వద్దంది. 2016 చివర్లో ఇంగ్లండ్ సిరీస్‌కి ఒప్పుకుంది. డీఆర్‌ఎస్ వచ్చాక తప్పులు తగ్గాయి, అందులో సందేహం లేదు. ఆటకి మంచి జరిగింది. కానీ అంపైర్ మీద పడే బరువు తగ్గిందా అంటే నేను ఒప్పుకోను. అది ఇంకో రూపంలో వచ్చింది.

సమీక్షలో తన నిర్ణయం తప్పని తేలితే అంపైర్ చేసే సైగ ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? ఒకసారి అందరూ లేచి నిలబడండి. కుడి చెయ్యి ఎడమ భుజం మీద, ఎడమ చెయ్యి కుడి భుజం మీద పెట్టండి. దీని అర్థం 'ఇందాక నేనిచ్చిన సైగ రద్దు' అని. ఇది అయ్యాక కొత్త నిర్ణయం చూపించాలి. కూర్చోండి. ముప్ఫై, నలభై వేల మంది మధ్యలో, పెద్ద తెర మీద తన తప్పు రెండు నిమిషాలు అందరితో పాటు తనూ చూసి, ఆ తర్వాత తన చేతులతో తనే ఈ సైగ చెయ్యాలి. జనం అరుస్తుంటారు. బౌలర్ నవ్వుతుంటాడు. ఇది అయిన ముప్ఫై సెకన్లకి మళ్లీ తర్వాతి బంతికి సిద్ధంగా నిలబడాలి. పాతకాలం అంపైర్‌కి తన తప్పు సాయంత్రం హోటల్లో తెలిసేది. ఇప్పుడు తర్వాతి బంతికి ముందే తెలుస్తోంది.

2019లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మధ్య జరిగిన యాషెస్ సిరీస్‌లో, ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో అంపైర్ జోయెల్ విల్సన్ ఇచ్చిన నిర్ణయాలు ఎనిమిది సమీక్షలో తారుమారయ్యాయి. ఒక్క టెస్టులో ఎనిమిది సార్లు ఇందాక మీరు చేసిన సైగ. అదే సిరీస్‌లో హెడింగ్లీ టెస్టు చివర్లో, ఇంగ్లండ్ గెలుపుకి రెండు పరుగులు కావాలి, ఒకే వికెట్ ఉంది. ఆస్ట్రేలియా బౌలర్ లయన్ వేసిన బంతి ఇంగ్లండ్ బ్యాటర్ స్టోక్స్ ప్యాడ్‌కి తగిలింది. ఆ ఎండ్‌లో ఉన్నది మళ్లీ విల్సనే. నాటౌట్ అన్నారు. ఆస్ట్రేలియా తన చివరి రివ్యూని అంతకుముందు ఓవర్లోనే వాడేసుకుంది. వికెట్లకి తగిలేదని తర్వాత టీవీ చూపించింది. ఆ బంతికి ముందు ఆయన మనసులో ఆ ఎనిమిదీ లేవని మనలో ఎవరం అనుకోగలం?

ఇదే నేను చెప్పదలచుకున్న అసలు విషయం. దీనికి నా అనుభవం ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట, ఒక అండర్-19 సెలక్షన్ మ్యాచ్. ఊరి పేరు, పిల్లాడి పేరు వద్దు. ఓపెనర్ కుర్రాడు చాలా బాగా ఆడుతున్నాడు, 48 మీద ఉన్నాడు. బంతి లోపలికి వచ్చింది, ప్యాడ్ మీద ఠప్పున తగిలింది, అందరూ అరిచారు, వేలెత్తాను. ఆ పిల్లాడు ఒక్క మాట అనలేదు. బ్యాట్ తిప్పి లోపలి అంచు చూసుకున్నాడు. నా వైపు తిరిగి చూశాడు. బ్యాట్‌ని కొంచెం ఎత్తి పట్టుకున్నాడు, నాకు చూపించాలని కాదు, అలా ఉండిపోయాడంతే. అంచు మీద ఎర్రగా బంతి మచ్చ, రూపాయి బిళ్లంత. అంత దూరం నుంచి కూడా నాకు కనిపించింది. తల దించుకుని వెళ్లిపోయాడు.

చెట్టు కింద వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన లేచి బౌండరీ దగ్గరికి వచ్చి గట్టిగా ఏదో అన్నాడు. ఇంకో నలుగురు తోడయ్యారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. రెండు ఓవర్ల తర్వాత మళ్లీ నా ఎండ్‌లోనే ఎల్బీ అప్పీలు. ఈసారి శుభ్రంగా అవుట్. మధ్య స్టంప్ ముందు, మోకాలి కింద, బ్యాట్ ఎక్కడో ఉంది. నా వేలు లేవలేదు. 'నాటౌట్' అన్నాను. ఎందుకన్నానో ఆ క్షణంలోనే నాకు తెలుసు. బౌండరీ దగ్గర నిలబడ్డ ఆ నలుగురి కోసం అన్నాను.

మొదటిది కళ్లు చేసిన తప్పు. అలాంటివి నేను ఇంకా చాలా చేశాను, మీరూ చేస్తారు, దేవుడైనా మెచ్చే అంపైర్ కూడా చేస్తాడు. రెండోది భయం చేసిన తప్పు. ఆ బౌలర్‌కి నేను అన్యాయం చేశాను, వాడికి ఆ రోజు దక్కింది ఒక్క వికెట్టే. సాయంత్రం స్కూటర్ దగ్గర ఆ తండ్రి వచ్చి 'మా వాడి ఏడాది పోయింది సార్' అన్నాడు. ఈసారి కోపంగా కాదు, మెల్లగా అన్నాడు. నేను 'తప్పు జరిగిందండీ, బ్యాట్‌కి తగిలింది, నేను చూడలేకపోయాను' అని చెప్పాను. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆయనకి చెప్పగలిగాను. ఆ బౌలర్‌కి మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు. ఏమని చెప్పాలి? 'నువ్వు తీసిన వికెట్ ఇంకొకరి నోరు మూయించడానికి వాడుకున్నాను' అనా?

తప్పుని తప్పుతో సరిచెయ్యడం, ఒకడికి అన్యాయం చేశాం కదా అని ఇంకొకడికి చెయ్యడం, మన పనిలో ఇంతకంటే పెద్ద నేరం లేదు. జనం చూపు మనల్ని నెట్టేది సరిగ్గా అటువైపే.

పెద్ద స్థాయిలో ఆ నెట్టుడు ఎంతుంటుందో చూస్తూనే ఉన్నాం. 2019 ఐపీఎల్‌లో జైపూర్‌లో ఒక నోబాల్ సైగ వెనక్కి తీసుకున్నారని అవుటైపోయి బయట కూర్చున్న ధోనీ నేరుగా మైదానంలోకి నడిచి వచ్చేశాడు. మ్యాచ్ ఫీజులో సగం జరిమానా వేశారు. ధోనీ అంటే నాకు ఎంత ఇష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ రోజు నా బాధంతా అంపైర్ల కోసమే. మూడేళ్లకి వాంఖడేలో ఇంకో నోబాల్ గొడవలో ఢిల్లీ కెప్టెన్ రిషభ్ పంత్ తన బ్యాటర్లని బయటికి రమ్మని పిలిచాడు, సహాయ కోచ్ ప్రవీణ్ ఆమ్రే లోపలికి వెళ్లాడు. పంత్‌కి మొత్తం ఫీజు కోత, ఆమ్రేకి దాంతో పాటు ఒక మ్యాచ్ నిషేధం. శిక్షలు పడ్డాయి, మంచిదే. కానీ ఆ దృశ్యం చూసిన మన ఊరి కెప్టెన్ మరుసటి వారం మన మ్యాచ్‌లో అదే చేస్తాడు. చేశారు కూడా.

2017 జనవరిలో నాగపూర్ టీ20 కూడా చెప్పాలి. చివరి ఓవర్, ఇంగ్లండ్‌కి ఎనిమిది పరుగులు కావాలి, బుమ్రా బౌలింగ్. మన హైదరాబాద్ అంపైర్ షంషుద్దీన్ జో రూట్‌ని ఎల్బీగా అవుటిచ్చారు. బంతి బ్యాట్ లోపలి అంచుకి తగిలిందని రీప్లేలో తేలింది. అప్పటికి టీ20ల్లో డీఆర్‌ఎస్ లేదు. ఇంగ్లండ్ ఐదు పరుగులతో ఓడింది, కెప్టెన్ మోర్గాన్ బాహాటంగా ఫిర్యాదు చేశాడు. నేను చేసిన తప్పూ ఆయన చేసిన తప్పూ ఒకటే, లోపలి అంచు. నన్ను తిట్టింది ఐదుగురు. ఆయన్ని రెండు దేశాలు చర్చించాయి.

ఇక 2019 ప్రపంచకప్ ఫైనల్. లార్డ్స్‌లో చివరి ఓవర్లో న్యూజిలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన బంతి డైవ్ చేస్తున్న స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బౌండరీ దాటింది. అంపైర్ ధర్మసేన ఆరు పరుగులు ఇచ్చారు. త్రో చేసే క్షణానికి బ్యాటర్లిద్దరూ రెండో పరుగుకి ఒకరినొకరు దాటలేదు కాబట్టి ఇవ్వాల్సింది ఐదే. స్ట్రైక్, అంటే తర్వాతి బంతి ఆడే వంతు, కూడా అవతలి బ్యాటర్ రషీద్‌కి వెళ్లాలి. మీకు పరీక్షలో వచ్చే ప్రశ్న ఇది, చట్టం 19.8. కాగితం మీద ఎవరైనా రాస్తారు. కానీ మైదానంలో బంతి ఎక్కడో డీప్ మిడ్‌వికెట్‌లో ఉన్నప్పుడు, త్రో చెయ్యి వదిలిన ఆ ఒక్క క్షణంలో ఇద్దరు బ్యాటర్లు ఎక్కడున్నారో చూడాలి. అదే సమయంలో క్రీజులో బ్యాట్ ఆనిందా చూడాలి, వికెట్ల దగ్గర రనౌట్‌కి సిద్ధంగా ఉండాలి. ఆ మ్యాచ్‌లో రెండో అంపైర్ ఎరాస్మస్ రిటైరయ్యాక ఒక సంగతి చెప్పారు. మరుసటి ఉదయం టిఫిన్‌కని హోటల్ గది తలుపు తీస్తే, సరిగ్గా అప్పుడే ధర్మసేన తన తలుపు తీశారట. మనం పెద్ద తప్పు చేశాం, చూశారా అని అడిగారట. మైదానంలో ఆ ఆలోచనే ఇద్దరికీ రాలేదు. ఆ వరండాలో నిలబడ్డ ఇద్దరినీ నేను చాలాసార్లు ఊహించుకున్నాను. రాత్రంతా ఇంగ్లండ్ పండగ చేసుకుంది, న్యూజిలాండ్ ఏడ్చింది. ఈ ఇద్దరికీ విషయం టిఫిన్‌కి వెళ్తూ తెలిసింది.

యంత్రం వస్తే ఈ గొడవలన్నీ పోతాయని అనుకునేవాళ్లకి మన విశాఖపట్నమే జవాబు. 2024 ఫిబ్రవరి టెస్టులో కుల్దీప్ బంతికి ఇంగ్లండ్ బ్యాటర్ జాక్ క్రాలీని ఎరాస్మస్ నాటౌట్ అన్నారు. మనవాళ్లు రివ్యూ అడిగారు, బంతి వికెట్లకి తగిలేదని తెర చూపించింది, అవుట్. మ్యాచ్ అయ్యాక ఇంగ్లండ్ కెప్టెన్ స్టోక్స్ ఏమన్నాడు? ఈసారి టెక్నాలజీదే తప్పు అన్నాడు. మనిషిని నమ్మలేక యంత్రాన్ని తెచ్చారు, ఇప్పుడు యంత్రాన్నీ నమ్మడం లేదు. ఓడినవాడికి ఎవరో ఒకరు కావాలి.

ఇది మనదాకా రాదులే అనుకోకండి. ఇప్పుడు సంక్రాంతికి పల్లెల్లో జరిగే టోర్నమెంట్లకి కూడా ఫోన్‌లో లైవ్ ఇస్తున్నారు. మీ మొదటి తప్పు రాత్రికల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మీ ఇంట్లోవాళ్లు చూస్తారు. చూడనివ్వండి. అడిగితే 'అవును, తప్పే' అని చెప్పండి. రెండు రోజులు ఫోన్ పక్కన పెట్టండి. మీతో పాటు నిలబడ్డ సాటి అంపైర్‌తో మాత్రం ఆ రాత్రే మాట్లాడండి. నాకు ఆ రోజుల్లో అలాంటి మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన ఏమీ సలహా ఇచ్చేవాడు కాదు, 'తిన్నావా' అని అడిగేవాడు. అది చాలేది.

ముందు వరసలో ఉన్న ఇద్దరమ్మాయిలకి ఒక మాట. మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మిగారు 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లో చేరిన మొదటి మహిళ. అదే ఏడాది పురుషుల వన్డేకి రిఫరీగా వ్యవహరించారు. 2023 జనవరిలో రంజీ మ్యాచ్‌ల్లో మొదటిసారి మహిళలు అంపైర్లుగా నిలబడ్డారు. మీ మీద చూపు ఇంకాస్త ఎక్కువే ఉంటుందమ్మా, అబద్ధం చెప్పను. తప్పు అబ్బాయి చేస్తే తప్పంటారు, మీరు చేస్తే 'అందుకే ఆడవాళ్లని...' అంటారు. ఆ మాట అన్నవాడి మ్యాచ్‌లోనే మళ్లీ నిలబడండి.

ఎండ ముదురుతోంది, ఇంక ఆపుతాను. నెట్స్ దగ్గర ముగ్గురు ఫాస్ట్ బౌలర్లు వార్మప్ చేసుకుని రెడీగా ఉన్నారు. ఇవాళ అవుట్లు, నాటౌట్లు ఏమీ లేవు. గీత మీద పాదం చూడటం, కళ్లెత్తి బంతిని పట్టుకోవడం, ఇదొక్కటే. ఒక్కొక్కరు ముప్ఫై బంతులు. తప్పు చెబితే నేను వెంటనే చెబుతాను, రెండు చేతులూ భుజాల మీద పెట్టి రద్దు సైగ చేసి, తర్వాతి బంతికి నిలబడండి. టీ తాగి అటు వచ్చెయ్యండి.